ఎనిమిది మీటర్ల విల్లు

ఇరవై రెండేళ్లుగా ఈ మైదానంలో
నేను గీసినవన్నీ తిన్నని గీతలే.
మేకు కొట్టు, తాడు లాగు,
రంగు బండి తోసుకుంటూ పో.
ఫుట్‌బాల్ కుర్రాళ్లకి వంకరతో పనిలేదు.

ఆగస్టులో దిగింది మరీట్ సోల్‌బెర్గ్.
పాత వ్యాను నిండా వలసంచుల కర్రలు,
అట్టపెట్టెలో పసుప్పచ్చ బంతులు, మెడలో కొలత టేపు.
ఆడపిల్లల లాక్రోస్‌కి కోచ్‌నంది.
పిల్లలేరీ అన్నాను.
"ముందు గీతలు గీయండి డెల్మర్, వాళ్లే వస్తారు."

ఇచ్చిన కాగితం చూస్తే తల తిరిగింది.
గోలు చుట్టూ ఒక వలయం,
దాని ముందు ఎనిమిది మీటర్ల విల్లు,
ఆపైన విప్పిన విసనకర్రలా ఇంకోటి.
రంగుకి డబ్బుల్లేవంది ఆఫీసు.
మిగిలిన నీలం డబ్బా ఒకటి
షెడ్డులో మూతకి తుప్పు పట్టి ఉంది.
గోలు గీత నడిమధ్య మేకు దగ్గర ఆమె మోకాళ్ల మీద,
తాడు రెండో కొసన నేను,
ఎండలో గడియారం ముల్లులా తిరిగాను.
మొదటి విల్లు కోడిగుడ్డులా వచ్చింది.
తుడిచి మళ్లీ గీశాం.

సెప్టెంబరుకి ఆరుగురు. హాలోవీన్‌కి పదముగ్గురు.
నవంబరులో ఇద్దరు మానేశారు.
ఆ సాయంత్రం వ్యాను వెనక తలుపు తీసుకుని కూర్చుని
డబ్బాలోంచే చల్లటి సూపు తింటోంది కోచ్.
నేను చూడనట్టే చెత్త బస్తా మోసుకుపోయాను.
మనిషికి అలాంటి పూట ఒకటి ఉండాలి,
దానికి సాక్షి ఉండకూడదు.

మర్నాడు మెస్సులో
పళ్లేలు కడిగే పా న్యా వాంగ్ ముందు నిలబడి
"జారే గిన్నె నీ చేతిలోంచి ఎప్పుడైనా పడిందా?" అని అడిగింది.
లేదంది ఆ పిల్ల.
అలా దొరికింది గోల్‌కీపర్.

చలికాలమంతా బాయిలర్ గది గోడకి బంతుల దెబ్బలు.
ఠక్, ఠక్, మధ్యలో ఎవరో తిట్టుకోవడం, మళ్లీ ఠక్.
బంతిని వలలో పట్టి పరిగెత్తడమంటే
ఊయల ఊపడమేనట.
"గట్టిగా పట్టుకుంటే జారుతుంది,
వదిలేస్తే పడుతుంది,
ఊపుతూ ఉండండి" అంటుంది.
హాకీ ఆడొచ్చిన టెస్లిన్‌కి అదే అర్థం కాలేదు.
ఊయలని పోట్లాటలా ఊపేది.

ఏప్రిల్ తొలి శనివారం మొదటి ఆట.
సుపీరియర్ సరస్సు మీంచి గాలి చెంపలు కోస్తోంది.
తెల్లారుజామున నాలుగింటికి మంచు తోడి
గడ్డకట్టిన రంగుని నా లారీ హీటరు ముందు కరిగించి
విల్లు గీశాను.
డులూత్ నుంచి వచ్చిన జట్టు
గంట కొట్టినట్టు గోలు వెనక గోలు కొట్టింది.
ఇరవై మూడు.
పా న్యా ఒంటి మీద బంతి ముద్రలు
ఎన్నని లెక్కపెట్టను?
చివరి నిమిషాల్లో నీలం విల్లు అంచున
టెస్లిన్ ఆగింది. మొదటిసారి ఆగింది.
ఒక్క ఊపు ఊపి వదిలింది.

ఒకటి.

బెంచీ మొత్తం మైదానంలోకి ఉరికింది.
రిఫరీ ఈల ఊదుతూనే ఉంది, ఎవరూ వినలేదు.
నేనూ విల్లు మీద అడుగేశాను,
ఎండని రంగు బూటుకి అంటింది.

స్కోరు ఊసు ఎత్తలేదు కోచ్.
"మొదటి సగంలో డ్రాలు సున్నా గెలిచాం, రెండో సగంలో నాలుగు"
అని చేతి మీద రాసుకుంది.
బస్సు వెళ్లిపోయాక కూడా
చుక్కల్లేని ఆకాశం కింద
పడిపోయిన బంతులు వెతుకుతూ ఉంది.
పద్దెనిమిది దొరికాయి, రెండు మంచులో ఉండిపోయాయి.

జూన్‌లో గడ్డి కోశాను. నీలం పోయింది.
నాకెవరూ చెప్పలేదు, జీతంలోనూ లేదు,
అయినా జులైలో ఒక పొద్దున్న
గోలు గీత దగ్గర మోకాళ్ల మీద వంగి
గడ్డిలో వేలు పెట్టి తడిమాను.

మేకు దిగిన చిల్లు
అక్కడే ఉంది.